వ్యాధితో ఉన్న బిడ్డ – తల్లిదండ్రుల సహనం

స్తుతులన్నీ అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి, కారుణ్యాలు కురియుగాక! అమ్మా బాద్.



గత శుక్రవారం నమాజు ముగిసి అందరూ మసీదు మెట్లు దిగుతున్న వేళ ఒక సోదరుడు నన్ను పక్కకు పిలిచాడు. ఆయన ఆరేళ్ల కుమారునికి రక్త క్యాన్సర్ అని తేలి పద్నాలుగు నెలలయింది. మండవల్లి నుండి ఆస్పత్రికీ, ఆస్పత్రి నుండి మండవల్లికీ తిరుగుతూ చేపల చెరువుల మీద తనకున్న పనిని సగానికి సగం పోగొట్టుకున్నాడు. ఆయన రెండు ప్రశ్నలు అడిగాడు. మొదటిది: "హజ్రత్! ఇన్ని రాత్రులు దుఆ చేశాను. ఇంట్లో పెద్దవాళ్లు మేము చేసిన పాపమేదో బిడ్డకు తగిలిందంటున్నారు. నా ఈమాన్‌లోనే లోపముందా?" రెండవది ఇంకా మెల్లగా అడిగాడు: "వాడిప్పుడు ఆడుకుంటున్నాడు, జుట్టు కూడా వచ్చింది. ఇక అల్లాహ్ మీద భారం వేసి మాత్రలు ఆపేయవచ్చా?"

మొదటి ప్రశ్నకు అక్కడే ఓదార్పుగా నాలుగు మాటలు చెప్పగలిగాను. రెండవ ప్రశ్న విని మాత్రం నిజంగా భయపడ్డాను. ఎందుకంటే ఆ ప్రశ్న ఆయన ఒక్కడిది కాదు. సహనమంటే చేతులు కట్టుకుని కూర్చోవడమనీ, తవక్కుల్ అంటే మందు మానేయడమనీ మనలో చాలామంది మనసులో నాటుకుపోయింది. ఆయన అనుమతి తీసుకునే, పేరు చెప్పకుండా, ఆ రెండు ప్రశ్నలను ఈ రోజు మీ ముందు ఉంచుతున్నాను.

ముందుగా పాపం సంగతి. ఒకరి భారాన్ని మరొకరు మోయరని దివ్యఖుర్ఆన్ ఒకచోట కాదు, పలుచోట్ల స్పష్టం చేసింది. యుక్తవయస్సు రాని పిల్లవాని విషయంలో కర్మల కలం ఎత్తివేయబడిందని దైవప్రవక్త (స) ఉపదేశించారు. అతని కర్మల పత్రంలో పాపం వ్రాయబడనే లేదు. అటువంటప్పుడు అతనికి శిక్ష ఎక్కడిది? ఇక తల్లిదండ్రుల పాపం బిడ్డ దేహానికి తగిలిందనే మాట ఒకరి భారాన్ని మరొకరి మీద పెట్టడమే. ఆ మాట అనేవారు ధర్మం పేరు చెప్పి ధర్మానికి విరుద్ధంగా పలుకుతున్నారు.

ఇంకా ఒక్క విషయం ఆలోచించండి. దైవప్రవక్త (స) వారికి ఏడుగురు సంతానం: ఖాసిం, అబ్దుల్లాహ్, ఇబ్రాహీం అనే ముగ్గురు కుమారులు; జైనబ్, రుఖయ్య, ఉమ్మె కుల్సూమ్, ఫాతిమా అనే నలుగురు కుమార్తెలు (రజి). వీరిలో ఒక్క ఫాతిమా (రజి) తప్ప మిగిలిన ఆరుగురూ ఆయన జీవితకాలంలోనే మరణించారు. బిడ్డ జబ్బుపడటం, మరణించడం తండ్రి మీద దైవాగ్రహానికి గుర్తు అయితే ఈ ఆరు సమాధులకు మీరేమని సమాధానం చెబుతారు? పసివాడైన ఇబ్రాహీం మరణించిన రోజున మదీనాలో సూర్యగ్రహణం పట్టింది. ప్రవక్త కుమారుడు పోయినందుకే సూర్యుడు చీకటయ్యాడని జనం చెప్పుకోసాగారు. మరొక నాయకుడైతే ఆ మాటకు మురిసిపోయేవాడు, కనీసం మౌనంగా ఊరుకునేవాడు. దైవప్రవక్త (స) తన దుఃఖంలో ఉండి కూడా వారిని సరిదిద్దారు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలనీ, ఎవరో మరణించినందుకో పుట్టినందుకో వాటికి గ్రహణం పట్టదనీ వివరించారు. సృష్టిలో జరిగే ప్రతిదానికీ మనం కల్పించిన కారణం అంటగట్టకూడదని ఆయన నేర్పింది తన సొంత బిడ్డ జనాజా నాడు!

కాబట్టి ఆస్పత్రి నుండి వచ్చిన తల్లితో "ఏం పాపం చేశావో" అని అన్న నోరు ఆమె దగ్గరకు వెళ్లి క్షమాపణ అడగాలి. మరీ ముఖ్యంగా అత్తలకు, ఆడబిడ్డలకు ఈ మాట చెబుతున్నాను. బిడ్డ రోగానికి తల్లిని నిందించడం మన ఇళ్లలో ఇంకా పోలేదు.

కన్నీటి విషయం కూడా చూద్దాం. మగవాడు ఏడిస్తే ఈమాన్ బలహీనమైందని అనుకునేవారున్నారు. దైవప్రవక్త (స) వారి కుమార్తె ఒకసారి తన బిడ్డ చివరి ఘడియల్లో ఉన్నట్లు కబురు పంపింది. ఆయన సలాం చెప్పి, ఇచ్చినదీ తీసుకునేదీ అల్లాహ్‌యేనని, సహనం వహించమని సందేశం పంపారు. ఆమె మళ్లీ ఒట్టుపెట్టి పిలిపించింది. అప్పుడు ఆయన సఅద్ బిన్ ఉబాదా, ముఆజ్ బిన్ జబల్ (రజి) మొదలైన సహచరులతో కలిసి బయలుదేరారు. గుర్రుమంటూ శ్వాస తీస్తున్న ఆ పసిబిడ్డను ఆయన ఒడిలో పెట్టారు. ఆయన కళ్ల నుండి నీరు కారింది. సఅద్ (రజి) ఆశ్చర్యపడి ఇదేమిటని అడిగితే, అది అల్లాహ్ తన దాసుల హృదయాలలో ఉంచిన కారుణ్యమని సమాధానమిచ్చారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఈ ఉల్లేఖనం ఉంది. సహనం వహించమని కబురు పంపినదీ ఆయనే, కన్నీరు కార్చినదీ ఆయనే. ఆ రెండింటి మధ్య వైరుధ్యముందని ఆయన భావించలేదు. కూతురు రెండవసారి పిలిచినప్పుడు "నేను చెప్పవలసింది చెప్పాను కదా" అని ఊరుకోకుండా లేచి వెళ్లారన్నది కూడా గమనించండి.

ఇక రెండవ ప్రశ్న. అల్లాహ్ మీద భారం వేయడమంటే ఏమిటి?

దీనికి సమాధానం వెతుక్కుంటూ మనం మక్కా లోయకు వెళ్లాలి. హజ్రత్ ఇబ్రాహీం (అ) తన సహధర్మచారిణి హాజిరాను, పాలుతాగే ఇస్మాయీల్‌ను నీరూ నీడా లేని ఆ లోయలో ఒక ఖర్జూరపు సంచితో, ఒక తోలుతిత్తి నీటితో వదిలి వెనుదిరిగారు. ఇది అల్లాహ్ ఆజ్ఞేనా అని ఆమె అడిగింది. అవునన్నారు. అయితే ఆయన మమ్మల్ని నశింపజేయడని చెప్పి ఆమె బిడ్డ దగ్గరకు తిరిగి వచ్చింది. తవక్కుల్‌కు ఇంతకు మించిన ఉదాహరణ ఏముంటుంది? కాని కథ అక్కడ ఆగలేదు. తిత్తిలోని నీరు అయిపోయింది. పాలు ఎండిపోయాయి. బిడ్డ దాహంతో మెలికలు తిరుగుతున్నాడు. ఆ దృశ్యాన్ని చూడలేక ఆమె లేచిందని ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనంలో ఉంది. చూడలేకపోయింది! సూది గుచ్చే గదిలో నుండి బయటకు వచ్చి వరండాలో గోడకు తల ఆనించి నిలబడిన తల్లులారా, మీకు ముందు ఆ స్థితిలో నిలబడినామె ఒక ప్రవక్త భార్య, మరొక ప్రవక్త తల్లి.

లేచి ఆమె ఏం చేసింది? అల్లాహ్ నశింపజేయడని నమ్మిన ఆ స్త్రీయే సఫా కొండ ఎక్కి చూసింది. ఎవరూ కనబడలేదు. లోయలోకి దిగి పరుగెత్తి మర్వా ఎక్కింది. ఎవరూ లేరు. మళ్లీ సఫా. మళ్లీ మర్వా. ఏడుసార్లు. మొదటి పరుగులో ఏమీ దొరకలేదని ఆమె మానలేదు. ఆమె నమ్మకం ఆమెను కూర్చోబెట్టలేదు, పరుగెత్తించింది. అల్లాహ్‌కు ఆ పరుగు ఎంత ప్రీతిపాత్రమైందంటే హజ్‌కు, ఉమ్రాకు వెళ్లే ప్రతి ముస్లిం, రాజైనా కూలీ అయినా, నేటికీ ఆ తల్లి అడుగుల్లో నడవవలసిందే. నీరు మాత్రం ఆమె పరుగెత్తిన సఫా మీదగానీ మర్వా మీదగానీ పుట్టలేదు. బిడ్డ ఉన్నచోట, ఆమె వెతకని చోట పుట్టింది. నీరు వచ్చాక కూడా ఆమె చేతులు ముడుచుకోలేదు. మట్టితో కట్ట కట్టి తిత్తి నింపుకుంది. చెరువు గట్ల మీద పనిచేసే కొల్లేటి జనానికి ఆ కట్ట విలువ వేరే చెప్పాలా?

చికిత్స చేయించుకోవచ్చా అని పల్లె అరబ్బులు అడిగినప్పుడు చేయించుకోమనే దైవప్రవక్త (స) ఆదేశించారు. వృద్ధాప్యానికి తప్ప, మందు లేకుండా అల్లాహ్ ఏ వ్యాధినీ దించలేదని తెలిపారు. అబూదావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఈ హదీసు నమోదైంది.

ఆ సోదరుడు జేబులోంచి మాత్రల పట్టీ తీసి నాకు చూపించాడు. దాని మీద మెథోట్రెక్సేట్ అని ఉంది. ఆ మందు చరిత్ర మన ముంగిట మొదలైందని ఆయనకు తెలియదు. మన స్టేషనులో తూర్పు వైపు రైలు ఎక్కితే కైకలూరు, ఆకివీడు, ఉండి దాటి భీమవరం వస్తుంది. ఆ భీమవరంలో 1895లో యల్లాప్రగడ సుబ్బారావు గారు జన్మించారు. స్ప్రూ అనే ప్రేగుల వ్యాధి ఆయన సోదరులిద్దరిని కొద్ది రోజుల తేడాతో తీసుకుపోయింది. ఆయన వైద్యం చదివి, పరిశోధన కోసం భార్యను ఇక్కడే వదిలి అమెరికా వెళ్లారు. ఆయన వెళ్లిన తరువాత పుట్టిన కుమారుడు నెలల పసివాడిగానే జబ్బుచేసి చనిపోయాడు. ఆ తండ్రి బిడ్డ ముఖం చూడనే లేదు. తిరిగి స్వదేశం రానూ లేదు.

లెడర్లీ అనే మందుల సంస్థలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూకు, ఒక రకమైన రక్తహీనతకు అది మందైంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ పిల్లలకు అదే కుటుంబానికి చెందిన మందులు ఇచ్చి చూస్తే మేలు జరగకపోగా జబ్బు ముదిరినట్లు కనిపించింది. అప్పుడాయన ఆలోచన తిరగబడింది: ఫోలిక్ ఆమ్లం జబ్బుకు బలమిస్తే, దానిని అడ్డుకునే మందు జబ్బును ఆపాలి కదా! అటువంటి మందును సుబ్బారావు గారి బృందమే అందించింది. అమినోప్టెరిన్ దాని పేరు. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల ప్రకారం 16 మంది పిల్లలలో 10 మందికి జబ్బు వెనక్కి తగ్గింది. అంతకు ముందు ఆ జబ్బుకు పిల్లలు వారాలు, నెలల్లో పోయేవారు. తగ్గుదల తాత్కాలికమే, జబ్బు మళ్లీ తిరగబెట్టింది. అయినా తలుపు తెరుచుకుంది. ఆ మందుకు తోబుట్టువే నేటి మెథోట్రెక్సేట్. సుబ్బారావు గారు ఆ 1948 ఆగస్టులోనే మరణించారు.

ఆయన మన ధర్మానికి చెందినవారు కారు. అయితేనేం? తన మేలును ఎవరి చేతుల మీదుగా పంపాలన్నది అల్లాహ్ నిర్ణయం. సోదరుల జబ్బుకు మందు వెతికిన మనిషి చేతి నుండి, ఆయన వెతకని మరొక జబ్బుకు మందు వచ్చింది. హాజిరా పరుగెత్తింది ఒకచోట, నీరు పుట్టింది మరొకచోట.

ఇప్పుడు ఆ సోదరుని ప్రశ్నకు నేరుగా వస్తాను. వైద్యులు చెప్పేది ఇది. పిల్లలలో అధికంగా కనబడే రక్త క్యాన్సర్‌కు చికిత్స రెండు నుండి మూడేళ్లు సాగుతుంది. మొదటి నెలల బలమైన మందులతో జబ్బు కంటికి, పరీక్షకు కనబడనంత తగ్గుతుంది. కాని దాక్కున్న కణాలు మిగిలే ఉంటాయి. వాటి కోసమే ఇంటిదగ్గర దీర్ఘకాలం మాత్రలు మింగాలి, మెథోట్రెక్సేట్ వారానికి ఒకసారి, మరొకటి రోజూ. సరిగ్గా ఈ దశలోనే పిల్లవాడు ఆడుకుంటాడు, బడికి వెళతానంటాడు. సరిగ్గా ఈ దశలోనే డబ్బు అయిపోతుంది, ఓపిక అయిపోతుంది. అప్పుడు మాత్రలు ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది, రెండవసారి దానిని లొంగదీయడం చాలా కష్టం. సంపన్న దేశాలలో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా కోలుకుంటుండగా, అనేక పేద దేశాలలో 30 శాతం కూడా కోలుకోవడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందుకు చెప్పిన కారణాలలో చికిత్సను మధ్యలో వదిలేయడం ఒకటి. కాబట్టి సోదరా, నీ జవాబు: ఆపవద్దు. నీవిప్పుడు ఐదవ పరుగులో ఉన్నావు. పట్టీలోని మాత్ర వేసే ముందు బిస్మిల్లాహ్ చెప్పు, వేశాక దుఆ చెయ్యి. దుఆ మాత్రకు బదులు కాదు, మాత్ర దుఆకు బదులు కాదు.

ఇదే సందర్భంలో మరో రెండు జాగ్రత్తలు. ఈ చికిత్సలో ఉన్న బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వస్తే తెల్లవారే దాకా ఆగకండి. ఫజ్ర్ తరువాత చూద్దామనుకోకండి. రక్తంలో రోగాన్ని ఎదిరించే శక్తి తగ్గి ఉంటుంది కనుక ఆ రాత్రే ఆస్పత్రికి చేరాలి. అలాగే ఎవరో చెప్పారని బలం మందులు, ఆకుపసర్లు డాక్టరును అడగకుండా పట్టకండి. ఫార్బర్ అనుభవం విన్నారు కదా, బలమిస్తుందనుకున్నది జబ్బుకే బలమివ్వవచ్చు. తాయెత్తుల వ్యాపారం చేసేవారి సంగతి వేరే ప్రసంగంలో చెబుతాను. ఈ రోజు వారి మీద సమయం వృథా చేయను.

"దుఆ చేశాను, జవాబు రాలేదు" అన్న వేదన మిగిలింది. హజ్రత్ యాఖూబ్ (అ) ప్రవక్త. కుమారుడు యూసుఫ్ కోసం ఏళ్ల తరబడి వేడుకున్నారు, దుఃఖంతో ఆయన కళ్లు తెల్లబడిపోయాయి. తన వేదనను అల్లాహ్‌కే మొరపెట్టుకుంటున్నానన్న ఆయనే, వెళ్లి యూసుఫ్‌ను వెతకమని, నిరాశ చెందవద్దని కుమారులను ఆజ్ఞాపించారు. ఏళ్ల ఆలస్యం ఆయన ఈమాన్‌లో లోపాన్ని చూపలేదు. నీ పద్నాలుగు నెలలూ చూపవు.

అందరు పిల్లలూ కోలుకుంటారని నేను వాగ్దానం చేయలేను. అది నా చేతిలో లేదు, డాక్టరు చేతిలోనూ లేదు. పసితనంలో పోయిన బిడ్డ తల్లిదండ్రులకు స్వర్గ శుభవార్త ఉన్నమాట సత్యమే. కాని ఆ హదీసును బిడ్డ మంచం మీద ఊపిరి తీస్తుండగా తల్లికి వినిపించకండి. ఆమె ఇంకా పరుగులో ఉంది. ఆమెకు ఆ వేళ కావలసింది తోడు పరుగెత్తేవారు.

అది మన వంతు. ప్రభుత్వ పథకం చికిత్స బిల్లు కట్టినా రెండేళ్లపాటు పోయే కూలీ, రానుపోను ఖర్చులు, నగరంలో అద్దె గది, ఇంటి దగ్గర నానీ చేతిలో వదిలిన మిగతా పిల్లల తిండి, ఇవన్నీ ఆ ఇంటి మీదే పడతాయి. జకాత్ పొందే అర్హులలో నిరుపేదలతో పాటు అప్పుల్లో కూరుకుపోయినవారిని కూడా ఖుర్ఆన్ పేర్కొంది. జకాత్ అంటే రంజాన్‌లో చీరలు పంచడమే కాదు. చేపల పట్టుబడి బాగా వచ్చిన నెలలోనే లెక్క చూసి ఇవ్వవచ్చు. రక్తం, ప్లేట్‌లెట్లు ఇవ్వగల యువకుల పేర్లు, రక్తపు గ్రూపులు నమాజు తరువాత కమిటీ వారి దగ్గర వ్రాయించండి. పరామర్శ సున్నతే. కాని దగ్గుతో, జలుబుతో వెళ్లి ఆ బిడ్డ చెంపలు నిమిరితే అది హాని, హాని చేయడం ధర్మం కాదు. గుమ్మం దగ్గర నుండే సలాం చెప్పండి. వేడి అన్నం, కాచి చల్లార్చిన నీళ్లు ఇచ్చి రండి. మిగిలిన పిల్లలను ఒక సాయంత్రం మీ ఇంటికి తీసుకెళ్లండి. ఆరోగ్యంగా ఉన్న పాపానికి ఎవరూ పట్టించుకోని పిల్లలు వాళ్లు.

తండ్రులకు ఒక మాట. రాత్రి మేలుకోవడం, వాంతులు తుడవడం అంతా తల్లి పనేనని వదిలేయకండి. హిజ్రీ రెండవ సంవత్సరంలో ముస్లిములు బద్ర్‌కు బయలుదేరినప్పుడు హజ్రత్ ఉస్మాన్ (రజి) వారితో వెళ్లలేదు. ఆయన భార్య, ప్రవక్త కుమార్తె రుఖయ్య (రజి) జబ్బుతో ఉంది. ఆమె దగ్గరే ఉండి సేవ చేయమని దైవప్రవక్త (స) ఆయనను ఆపారు. రోగి మంచం పక్కన కూర్చున్న ఆ మనిషికి బద్ర్‌లో పోరాడినవారితో సమానంగా పుణ్యమూ, విజయధనంలో వాటా ఉంటాయని ప్రకటించారు. ఆ జబ్బులోనే రుఖయ్య (రజి) కన్నుమూశారు. ఉస్మాన్ (రజి) వాటా మాత్రం తగ్గలేదు.

తాను లేకపోతే ఇబ్బంది పడే రోగికి సేవ చేస్తున్నవానికి జుమా నుండి మినహాయింపు ఉందని ధర్మవేత్తలు చెప్పడం మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఈ రోజు ఆ సోదరుడు వరుసలో లేడు. బుధవారం రాత్రి బిడ్డకు జ్వరం వస్తే ఆ రాత్రే బయలుదేరి వెళ్లాడట. జుమాకు రాలేకపోతున్నానని పొద్దున ఫోను చేసి బాధపడ్డాడు. అక్కడే జుహ్ర్ నాలుగు రకాతులు చేసుకోమని, ఉస్మాన్ (రజి) సంగతి గుర్తుచేసుకోమని చెప్పాను.

చేతులెత్తండి. యా అల్లాహ్! దాహంతో అల్లాడిన పసివానికి రాళ్ల నడుమ నీరు పుట్టించినవాడా! ఈ వేళ ఆస్పత్రి మంచం మీద ఉన్న ఆ బిడ్డ జ్వరాన్ని దించు. అతని రక్తాన్ని శుద్ధి చెయ్యి. మందు ఇచ్చే చేతులకు నేర్పునివ్వు. అతని తల్లికి ఒక రాత్రి నిద్రనివ్వు. అతని తండ్రి పరుగు ఆగనివ్వకు, అతన్ని ఒంటరిగా పరుగెత్తనివ్వకు. ఆమీన్.